ప్రార్థనా స్థలం కేంద్రంగా క్యాన్సర్ నివారణ: తరచుగా అడిగే ప్రశ్నలు

వైద్య సేవలు సరిగా అందని సమాజాల్లో గుడి, చర్చి, మసీదు లేదా మరే ప్రార్థనా స్థలమైనా ఆధారంగా చేసుకుని క్యాన్సర్ నివారణకు పూనుకునే పెద్దలూ స్వచ్ఛంద సేవకులూ, వారి పిలుపు విని పరీక్షకు వెళ్లాలా వద్దా అని తటపటాయించే వారూ మళ్లీ మళ్లీ అడిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఏ సమాధానానికది విడిగా చదువుకునేలా ఉంటుంది గనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఒక వ్యక్తికి ఏ పరీక్ష, ఏ చికిత్స అవసరమో మాత్రం ఆ వ్యక్తిని స్వయంగా చూసిన వైద్యులే నిర్ణయించాలి.

## మొదలుపెట్టే ముందు

క్యాన్సర్ సంగతి ఆసుపత్రులు చూసుకోవాలి కదా, ప్రార్థనా స్థలానికి ఇందులో ఏం పని?

క్యాన్సర్లలో 30 నుంచి 50 శాతం వరకు నివారించదగినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ నివారణలో ఎక్కువ భాగం, అంటే పొగాకు మానడం, టీకా వేయించుకోవడం, ఏ బాధా లేనప్పుడే పరీక్షకు వెళ్లడం, ఆసుపత్రి గోడల బయట మనుషులు తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. ఆసుపత్రి దూరంగా ఉన్న చోట, అక్కడ ఎప్పుడో జరిగిన అవమానం ఇంకా మనసులో మెదులుతున్న చోట, ముక్కూ మొహం తెలియని వైద్య సిబ్బంది వచ్చి చెప్పే మాట కంటే, తమ ఇంటి పెళ్లికీ చావుకీ వచ్చి నిలబడిన మనిషి చెప్పే మాటకు విలువ ఎక్కువ. ప్రార్థనా స్థలం చేయగలిగిన పని ఆ నమ్మకాన్ని ఆధారంగా చేసుకుని మనిషిని వైద్యం దాకా తీసుకువెళ్లడం. రోగనిర్ధారణ, మందులు, చికిత్స మాత్రం దాని పని కావు.

ఇలాంటి ప్రయత్నాలు ఎక్కడైనా నిజంగా ఫలించాయా?

ఫలించాయి. 1990ల ఆరంభంలో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో మొదలైన 'విట్నెస్ ప్రాజెక్ట్'లో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల నుంచి బయటపడిన నల్లజాతి మహిళలు చర్చిలలో నిలబడి తమ అనుభవాన్ని చెప్పారు. ఆ మాటలు విన్న స్త్రీలలో మమోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించుకునే వారు పెరిగారు. అదే దేశంలో జాతీయ క్యాన్సర్ సంస్థ, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కలిసి నల్లజాతి చర్చిల కోసం నడిపిన 'బాడీ అండ్ సోల్' కార్యక్రమం పండ్లు, కూరగాయల వాడకాన్ని పెంచిందని 2004లో ప్రచురితమైన ఫలితాలు చూపాయి. ఆ కార్యక్రమంలో పాస్టరు నాయకత్వం, అవగాహన సభలు, చర్చి భోజనాల్లోనే వచ్చిన మార్పు, తోటి సభ్యులు విడిగా కూర్చుని ఇచ్చిన సలహా అన్నీ కలిసి పనిచేశాయి; ప్రసంగం ఒక్కటే అయితే ఆ ఫలితం వచ్చేదని అనుకోలేము. ఈ కార్యక్రమాలు కొలిచినది ప్రవర్తనలో వచ్చిన మార్పునే తప్ప మరణాల తగ్గుదలను కాదు. ప్రవర్తన మారిన తరువాత ప్రాణం నిలవాలంటే వైద్యం అందాలి.

మా కమిటీ శిబిరం తేదీ ఖరారు చేయాలనుకుంటోంది. మొదట ఏం సిద్ధం చేసుకోవాలి?

తేదీ కంటే ముందు, పరీక్షలో తేడా కనిపించిన మనిషి మరునాడు ఎక్కడికి వెళ్లాలో ఖరారు చేసుకోవాలి. అనుమానం వచ్చిన వారికి బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఏ ఆసుపత్రిలో చేస్తారు, అక్కడ ఎవరిని కలవాలి, ఎన్ని రోజుల్లో చూస్తారు, ఖర్చును ఏ ప్రభుత్వ పథకమో ఏ నిధో భరిస్తుంది, ప్రయాణానికి తోడు ఎవరు వెళతారు అనే వాటికి ఆ ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి. ఇది దొరికేదాకా శిబిరం వాయిదా వేయడమే మంచిది. ఇది కఠినంగా వినిపించవచ్చు, కానీ జబ్బు ఉండవచ్చని చెప్పి చికిత్సకు దారి చూపకుండా వదిలేస్తే ఆ మనిషికి భయం తప్ప మరేమీ మిగలదు. అది చూసిన ఇరుగుపొరుగు వారు మరోసారి పిలిచినా రారు. చికిత్సకు దారి దొరకనంత కాలం మీరు చేయగలిగిన పని కూడా చాలా ఉంది. పొగాకు మాన్పించవచ్చు, పిల్లలకు టీకాలు వేయించవచ్చు, ప్రమాద సూచనలు ఉన్నవారిని వెంటనే వైద్యుల దగ్గరికి పంపవచ్చు.

మా దగ్గర స్పెషలిస్టు డాక్టరే లేరు. అలాంటి చోట స్క్రీనింగ్ సాధ్యమేనా?

కొన్ని పరీక్షలు సాధ్యమే, వాటికి బలమైన ఆధారాలు ఉన్నాయి. ముంబై మురికివాడల్లో 1998లో మొదలైన అధ్యయనంలో కొద్ది వారాల శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఎసిటిక్ ఆమ్లం పూసి గర్భాశయ ముఖద్వారాన్ని కంటితో పరీక్షించారు. వారు డాక్టర్లూ కారు, నర్సులూ కారు. అయినా ఆ క్యాన్సర్ వల్ల కలిగే మరణాలు 31 శాతం తగ్గాయి. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు నోటిని వెలుతురులో జాగ్రత్తగా చూసి చేసిన పరీక్ష, పొగాకు లేదా మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలను సుమారు మూడో వంతు తగ్గించిందని 2005లో తేలింది. ఈ రెండు చోట్లా కార్యకర్తలకు పద్ధతిగా శిక్షణ ఇచ్చారు, వారి పనిని వైద్యులు పర్యవేక్షించారు, తేడా కనిపించిన వారికి చికిత్స అందేలా చూశారు.

ఎన్నో రకాల క్యాన్సర్లు ఉన్నాయి. దేనితో మొదలుపెట్టాలి?

నివారణకు లేదా ముందుగా పట్టుకోవడానికి రుజువైన దారి ఉన్న వాటితోనే మొదలుపెట్టండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు టీకా ఉంది, పరీక్ష ఉంది, క్యాన్సర్‌గా మారకముందే తొలగించే చికిత్స ఉంది. అయినా 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3,50,000 మంది స్త్రీలు దానితో మరణించారు, వారిలో సుమారు 94 శాతం అల్ప, మధ్య ఆదాయ దేశాల వారే. వైద్యం అందని సమాజాలకు దీనికంటే పెద్ద అన్యాయం లేదని మా అభిప్రాయం, అందుకే దీనినే ముందుగా సూచిస్తాము. తరువాత పొగాకు వాడకం ఎక్కువగా ఉంటే నోటి క్యాన్సర్, ఆపైన రొమ్ము క్యాన్సర్. ఒక్కటి సక్రమంగా నడిచిన తరువాతే రెండోదానికి వెళ్లండి.

ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉచితంగా శిబిరం పెడతామంటోంది. ఒప్పుకోవచ్చా?

షరతులు ముందే మాట్లాడుకుని ఒప్పుకోవచ్చు. ఏ పరీక్షలు, ఎవరికి, ఎందుకు చేస్తారో వారు స్పష్టంగా చెప్పాలి; తేడా కనిపించిన వారు తమ ఆసుపత్రికే రావాలని పట్టుబట్టకూడదు; హాజరైన వారి పేర్లనూ ఫోన్ నంబర్లనూ ప్రచారానికి వాడుకోకూడదు. పొగాకు, మద్యం వ్యాపారాల నుంచి వచ్చే విరాళం మాత్రం ఎంత పెద్దదైనా తీసుకోకండి.

వేరే మతం వారిని, మా దగ్గరికి రాని వారిని కూడా పిలవాలా?

పిలవాలి. జబ్బుతో ఉన్నవారు, ఒంటరి వృద్ధులు, ఏదో ఒక కారణంతో వెలివేతకు గురైనవారు, ఏ మతాన్నీ పాటించని వారు ప్రార్థనలకు రారు. కానీ పరీక్ష ఎక్కువగా అవసరమయ్యేది తరచుగా వారికే. అందుకని ఇంటింటికీ కబురు పంపండి, అవసరమైతే శిబిరాన్ని బడిలోనో సామాజిక భవనంలోనో పెట్టండి. పరీక్షకు వచ్చిన వారిని మతంలోకి ఆహ్వానించడం, ప్రార్థనలో పాల్గొంటేనే సేవ అనడం పూర్తిగా తప్పు.

## నమ్మకాలు, భయాలు

ఏది జరిగినా దైవ నిర్ణయం ప్రకారమే జరుగుతుంది. ఇక పరీక్షలతో ఏం మారుతుంది?

ఈ మాట అనేవారిని మూర్ఖులుగా చూడకండి. డబ్బూ దారీ లేని వారికి చాలాసార్లు మిగిలేది ఈ ఒక్క ఊరటే, పైగా తమ చుట్టూ క్యాన్సర్ వచ్చినవారంతా ముదిరిన దశలో జబ్బు బయటపడి మరణించడమే వారు చూసి ఉంటారు. వాదనకు దిగకుండా, తొలిదశలో తెలిసి బతికిన వారిని చూపించండి. జ్వరం వస్తే మందు వేసుకోవడం, బిడ్డకు జబ్బు చేస్తే వైద్యుడి దగ్గరికి పరుగెత్తడం దైవాన్ని కాదనడమని విశ్వాసులు ఎవరూ అనుకోరు. ముందుగా పరీక్ష చేయించుకోవడం కూడా అలాంటిదే. శరీరాన్ని దేవుడు అప్పగించిన సొత్తుగా చూసుకోవాలనే భావన దాదాపు అన్ని మతాల్లోనూ ఉంది, మతపెద్దలు దానిని తమ గ్రంథాల నుంచి తమ మాటల్లో వివరించగలరు. ఆ పని బయటి నుంచి వచ్చిన వైద్య బృందం చేయడం కంటే వారు చేయడమే సముచితం.

క్యాన్సర్ పాపఫలమా? ఎవరో చేసిన తప్పుకు శిక్షా?

కాదు. కణాల జన్యువుల్లో పేరుకునే మార్పుల వల్ల క్యాన్సర్ వస్తుంది. పొగాకు, కొన్ని వైరస్‌లు, మద్యం, వయసు, కొందరిలో వంశపారంపర్యంగా వచ్చిన జన్యువులు ఆ మార్పులకు కారణమవుతాయి. చాలాసార్లు ఒక వ్యక్తి విషయంలో కారణం ఫలానా అని తేల్చడం కూడా సాధ్యం కాదు. పసిపిల్లలకు కూడా క్యాన్సర్ వస్తుంది. పాపమనే మాట వల్ల జరిగే నష్టం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది: రొమ్ములో గడ్డ ఉన్న స్త్రీ దానిని నెలల తరబడి దాచిపెడుతుంది. ఈ అపోహను వేదిక మీద నుంచి బహిరంగంగా ఖండించగల అధికారం మతపెద్దలకే ఉంది గనుక వారు ఆ మాట పదేపదే చెప్పాలి.

క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందా?

అంటుకోదు. కలిసి తినడం వల్ల, తాకడం వల్ల, రోగికి సేవ చేయడం వల్ల క్యాన్సర్ రాదు. కొన్ని క్యాన్సర్లకు దారితీసే హెచ్‌పీవీ, హెపటైటిస్ బి వంటి వైరస్‌లు మాత్రం మనిషి నుంచి మనిషికి సోకుతాయి, ఆ రెండింటికీ టీకాలు ఉన్నాయి.

ప్రార్థన, ఉపవాసం, మూలికలతో నయమైందని చెబుతున్నారు. చికిత్స మానేయవచ్చా?

మానకూడదు. ప్రార్థన మనసుకు ధైర్యాన్ని ఇస్తుంది, సంఘం తోడుగా నిలుస్తుంది, ఈ రెండూ రోగికి ఎంతో అవసరం. కానీ నయమయ్యే దశలో ఉన్న రొమ్ము, పెద్దపేగు, ఊపిరితిత్తి, ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులను అమెరికాలో పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వైద్య చికిత్సను వదిలి ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్న వారికి మరణ ముప్పు సగటున రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదు రెట్లకు పైగా ఎక్కువగా ఉంది. స్వస్థత సభలు జరిపే చోట, మందులు ఆపమని ఎవరూ చెప్పకూడదనే నియమాన్ని కమిటీ తీర్మానంగా చేసుకోవాలి. మూలికలు వాడుతున్న వారు ఆ సంగతి వైద్యులకు దాచకుండా చెప్పాలి, ఎందుకంటే కొన్ని మూలికలు క్యాన్సర్ మందుల పనితీరును దెబ్బతీస్తాయి.

ప్రసంగంలో మతపెద్ద ఏం చెబితే మేలు?

తాను స్వయంగా పరీక్ష చేయించుకున్నానని, లేదా తన కుటుంబంలో చేయించానని చెప్పగలిగితే అంతకు మించిన మాట లేదు. పరీక్ష ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి, ఎంతసేపు పడుతుంది అనే వివరాలను రెండు మూడు వాక్యాల్లో చెప్పి, ప్రశ్నలను ఆరోగ్య కార్యకర్తకు వదిలేయాలి. భయపెట్టే చిత్రాలు, మరణాల వర్ణనలు వద్దు; భయపడిన మనిషి పరీక్షకు రాకుండా తప్పించుకునే అవకాశమే ఎక్కువ.

## టీకాలు, అలవాట్లు

హెచ్‌పీవీ టీకా చిన్న వయసు ఆడపిల్లలకే ఎందుకు వేయమంటున్నారు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు దాదాపు అన్నిటికీ హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. ఈ సంబంధాన్ని గుర్తించినందుకు హారాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. టీకా వైరస్ సోకకుండా ఆపుతుంది, అప్పటికే సోకిన దానిని తొలగించలేదు. అందువల్ల వైరస్ సోకే అవకాశం రాకముందే, అంటే 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది, ఈ వయసులో ఒకటి లేదా రెండు డోసులు చాలునని 2022లో ప్రకటించింది. హెచ్‌ఐవీ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గిన వారికి కనీసం రెండు, వీలైతే మూడు డోసులు కావాలి. ఇంగ్లండులో 12, 13 ఏళ్ల వయసులో టీకా వేయించుకున్న వారిలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గినట్లు 2021లో వెల్లడైంది.

ఆ టీకా వల్ల పిల్లలు పుట్టరని, ఆడపిల్లలు దారి తప్పుతారని అంటున్నారు. నిజమేనా?

రెండూ నిజం కావు. ఈ టీకాలో బతికి ఉన్న వైరస్ ఉండదు, వైరస్ పైపొరను పోలిన ప్రోటీను మాత్రమే ఉంటుంది. దానివల్ల సంతానలేమి వస్తుందని చూపిన ఆధారం లేదు. నిజానికి తల్లి అయ్యే అవకాశాన్ని దెబ్బతీసేవి గర్భాశయ ముఖద్వార క్యాన్సరూ దాని చికిత్సా. టీకా తీసుకున్న అమ్మాయిలనూ తీసుకోని వారినీ పోల్చి చూసిన అధ్యయనాల్లో లైంగిక ప్రవర్తనలో తేడా కనిపించలేదు. తల్లిదండ్రుల ఆందోళన పిల్లల మీద ప్రేమతో వచ్చినదే గనుక గౌరవంగా వినాలి, కానీ వదంతికి లొంగితే ఏమవుతుందో జపాన్ అనుభవం చెబుతుంది. దుష్ప్రభావాల ప్రచారంతో 2013లో అక్కడి ప్రభుత్వం టీకాను సిఫారసు చేయడం ఆపేయగా, సుమారు 70 శాతం ఉన్న వాడకం ఒక శాతం కంటే తక్కువకు పడిపోయింది. టీకా సురక్షితమేనని నిర్ధారించుకుని 2022లో సిఫారసును పునరుద్ధరించేసరికి ఒక తరం అమ్మాయిలు రక్షణ కోల్పోయారు.

కాలేయ క్యాన్సర్‌కు కూడా టీకా ఉందా?

కాలేయ క్యాన్సర్‌కు ప్రధాన కారణాల్లో ఒకటైన హెపటైటిస్ బి వైరస్‌కు ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు పడాలి, ఎందుకంటే కాన్పు సమయంలో తల్లి నుంచి సోకితే ఆ వైరస్ చాలామంది పిల్లల్లో జీవితాంతం ఉండిపోతుంది. ఇంట్లో కాన్పులు జరిగే సమాజాల్లో ఈ మొదటి డోసు తప్పిపోవడం సహజం గనుక, గర్భిణుల కుటుంబాలకు దీనిని ముందుగానే గుర్తుచేసే పనిని ప్రార్థనా స్థలంలోని మహిళా బృందాలు తేలికగా చేపట్టగలవు.

పొగాకు మానమని చెప్పాల్సిన పెద్దలే వాడుతున్నారు. ఎలా మొదలుపెట్టాలి?

ముందుగా ప్రార్థనా స్థలం ఆవరణలో పొగతాగడం, పొగాకు నమలడం, అమ్మడం, పంచడం పూర్తిగా ఆపండి. ఇది ఒక్క తీర్మానంతో అయ్యే పని. ప్రపంచంలోని క్యాన్సర్ మరణాల్లో సుమారు నాలుగో వంతుకు పొగాకే కారణం. నమిలే పొగాకూ, పొగాకు కలపని వక్కా కూడా నోటి క్యాన్సర్‌ను కలిగిస్తాయి. అలవాటు ఉన్న పెద్దలను నలుగురిలో నిలదీయకండి. నికోటిన్ వ్యసనం వ్యక్తిత్వ లోపం కాదు. చాలామంది కొన్నిసార్లు ప్రయత్నించిన తరువాతే మానగలుగుతారు, నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్, వైద్యుల సలహా అందుకు సహాయపడతాయి. మానాలనుకున్న పెద్ద ఒకరు ఆ సంకల్పాన్ని సంఘం ముందు ప్రకటించి, తడబడినా మళ్లీ ప్రయత్నిస్తే, అది ఇతరులకు ఉపదేశం కంటే ఎక్కువ ధైర్యాన్నిస్తుంది. మానిన 10 ఏళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించే ముప్పు, ఇంకా పొగతాగుతున్న వారితో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతుంది.

కొద్దిగా మద్యం తీసుకుంటే ఫరవాలేదా?

క్యాన్సర్ విషయంలో ఇంతవరకు సురక్షితం అని చెప్పగలిగిన పరిమాణం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. మద్యం నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్ల ముప్పును పెంచుతుంది. పొగాకుతో కలిస్తే నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు మరింత ఎక్కువవుతుంది.

## పరీక్షల రోజు

ఎవరికి ఏ వయసులో ఏ పరీక్ష అవసరం?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు 30 ఏళ్ల నుంచి హెచ్‌పీవీ పరీక్షను 5 నుంచి 10 ఏళ్లకు ఒకసారి, హెచ్‌ఐవీతో జీవిస్తున్న స్త్రీలకు 25 ఏళ్ల నుంచి 3 నుంచి 5 ఏళ్లకు ఒకసారి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నోటి పరీక్ష పొగాకు, వక్క, మద్యం అలవాటు ఉన్నవారికి ముఖ్యం. రొమ్ము విషయంలో వనరులున్న చోట 50 నుంచి 69 ఏళ్ల వారికి రెండేళ్లకోసారి మమోగ్రఫీ ఉపయోగపడుతుంది. వైద్య వ్యవస్థ బలహీనంగా ఉన్న చోట శిక్షణ పొందిన వారు చేతితో చేసే పరీక్ష, గడ్డ తెలిసిన వెంటనే వైద్యం అందే ఏర్పాటు ముఖ్యం. ముంబైలో లక్షన్నర మందికి పైగా స్త్రీలతో 20 ఏళ్లు సాగిన అధ్యయనంలో ఇలా చేతితో చేసిన పరీక్ష వల్ల 50 ఏళ్లు దాటిన వారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి, అంతకంటే చిన్న వయసు వారిలో ఆ ప్రయోజనం కనిపించలేదు. మీ దేశపు ప్రభుత్వ మార్గదర్శకాల్లో వయసులు కొంత వేరుగా ఉంటే వాటినే పాటించండి.

నాకు సిగ్గుగా ఉంది, మగ డాక్టర్ ముందు పరీక్షకు రాలేను. ఏం చేయాలి?

ఈ కోరిక పూర్తిగా న్యాయమైనది, దానిని మన్నించడం నిర్వాహకుల బాధ్యత. పరీక్ష చేసేవారు మహిళలే అయి ఉండాలి, తలుపు మూసుకునే గది ఉండాలి, తోడు కావాలంటే ఒకరిని లోపలికి రానివ్వాలి. హెచ్‌పీవీ పరీక్షకైతే నమూనాను స్త్రీ తానే తీసుకోవచ్చు: చిన్న బ్రష్ లేదా దూది పుల్లతో మరుగుదొడ్డిలోనో ఇంట్లోనో కొద్ది నిమిషాల్లో తీసి ఇవ్వవచ్చు. ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. సిగ్గుతో, భయంతో వెనుకాడే స్త్రీలు ఎక్కువగా ఉన్న చోట ఇదే అన్నిటికంటే మంచి మార్గమని మేము నమ్ముతాము.

భర్త లేదా అత్తగారు ఒప్పుకోకపోతే పరీక్ష చేయవచ్చా?

వయసు వచ్చిన స్త్రీ సమ్మతి ఆమెదే, దానిని ఆమె దగ్గరే తీసుకోవాలి. అయితే ఇంటికి తిరిగి వెళ్లాక ఆమెకు ఇబ్బంది కలగకూడదు గనుక, పురుషుల ప్రార్థన సమావేశాల్లో ఈ పరీక్ష గురించి ముందే మాట్లాడటం, పెద్దవయసు స్త్రీలను మొదట పిలిచి వారి చేతనే కోడళ్లకు చెప్పించడం మేలు.

ఒక్క రక్తపరీక్షతో అన్ని క్యాన్సర్లూ తెలుస్తాయంటున్నారు. శిబిరంలో పెట్టించమంటారా?

పెట్టించకండి. సీఏ-125, సీఈఏ వంటి పరీక్షలు ఇప్పటికే రోగం ఉన్నవారి చికిత్సను గమనించడానికి ఉపయోగపడతాయి, ఆరోగ్యంగా ఉన్నవారిలో క్యాన్సర్‌ను వెతకడానికి పనికిరావు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలతో జరిగిన పెద్ద అధ్యయనం, సీఏ-125తో, స్కానింగ్‌తో అండాశయ క్యాన్సర్‌ను వెతకడం వల్ల మరణాలు తగ్గలేదని 2021లో తేల్చింది. ఎక్కువ పరీక్షలు ఎప్పుడూ మంచివే అనుకోవడం కూడా పొరపాటే. దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్నవారికి మెడ స్కానింగ్ విస్తృతంగా చేయడంతో 1993, 2011 మధ్య థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లు పెరిగాయి. మరణాలు మాత్రం మారలేదు, ఎన్నో వేలమంది అవసరం లేని శస్త్రచికిత్సకు గురై జీవితాంతం మందులు వేసుకోవాల్సి వచ్చింది. పేద కుటుంబంలో అనవసరమైన ఒక్క అనుమానం కూడా అప్పుగా మారుతుంది.

నాకు ఇప్పటికే గడ్డ ఉంది. శిబిరం దాకా ఆగవచ్చా?

ఆగకండి, వెంటనే వైద్యులను కలవండి. శిబిరం ఏ లక్షణమూ లేనివారి కోసం. రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తం, నోటిలో మూడు వారాలైనా మానని పుండు లేదా తెల్లని, ఎర్రని మచ్చ, నెలసరి ఆగిపోయిన తరువాత గానీ సంభోగం తరువాత గానీ రక్తస్రావం, మలంలో రక్తం, దగ్గులో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నవారు ఎవరైనా అదే వారంలో వైద్య పరీక్ష చేయించుకోవాలి.

## ఫలితం వచ్చిన తరువాత

నాకు పాజిటివ్ అని చెప్పారు. అంటే క్యాన్సర్ వచ్చినట్లేనా?

చాలావరకు కాదు. హెచ్‌పీవీ పాజిటివ్ అంటే వైరస్ ఉందని మాత్రమే అర్థం. ఎక్కువ మందిలో శరీరమే దానిని రెండేళ్లలోపు తొలగించుకుంటుంది. తొలగిపోకుండా నిలిచిపోయిన వైరస్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో 5 నుంచి 10 ఏళ్లు పడుతుంది. ఈ వ్యవధిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులను వేడితో కాల్చివేసే లేదా గడ్డకట్టించి నశింపజేసే చిన్న చికిత్సతో, ఆసుపత్రిలో చేరకుండానే తొలగించవచ్చు. అందువల్ల తరువాతి పరీక్షకు తప్పకుండా వెళ్లండి. ఈ ఫలితాన్ని బట్టి భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు అనుమానపడటం కూడా తగదు, ఎందుకంటే ఈ వైరస్ ఎన్నో ఏళ్ల కిందట సోకి తెలియకుండానే ఉండిపోయి ఉండవచ్చు.

ఏమీ లేదని వచ్చింది. ఇక మళ్లీ రానక్కర్లేదా?

చెప్పిన గడువుకు మళ్లీ రావాలి. ఏ పరీక్షా నూటికి నూరు పాళ్లు సరైనది కాదు గనుక, ఈ మధ్యలో కొత్త లక్షణం ఏదైనా కనిపిస్తే గడువు కోసం ఎదురుచూడకుండా వైద్యులను కలవాలి.

తేడా వచ్చిన వారి పేర్లను ప్రార్థనలో చదవవచ్చా?

ఆ వ్యక్తి స్వయంగా అడిగితే తప్ప చదవకూడదు. ప్రేమతోనే అయినా అలా చదివితే రోగి రహస్యం సంఘమంతటికీ తెలిసిపోతుంది. పెళ్లి సంబంధాలు, ఉద్యోగం, ఇంట్లో గౌరవం దెబ్బతింటాయి. ఫలితాన్ని ఆరోగ్య కార్యకర్త ఆ వ్యక్తికి మాత్రమే, విడిగా, తెలిసిన భాషలో చెప్పాలి. పేర్ల జాబితా తాళం వేసిన చోట ఉండాలి, దానిని చూసే అధికారం ఒకరిద్దరికే ఉండాలి, మతపెద్దకు కూడా రోగి అనుమతితోనే తెలియాలి.

ఆసుపత్రికి వెళ్లమని ఎన్నిసార్లు చెప్పినా కొందరు వెళ్లడం లేదు. మేం ఏం చేయగలం?

కార్యక్రమం విలువ తేలేది ఇక్కడే. వెళ్లకపోవడానికి కారణం నిర్లక్ష్యమని ముందే అనుకోకండి. రోజు కూలి పోవడం, పిల్లలను చూసేవారు లేకపోవడం, ఏ కిటికీ దగ్గర చీటీ తీసుకోవాలో తెలియకపోవడం, చదువు రాదని ఎవరైనా కసురుకుంటారనే భయం, మరణం గురించిన భయం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ప్రతి ఒక్కరికీ ఒక తోడు మనిషిని కేటాయించండి. ఆ మనిషి ఆసుపత్రికి వెంట వెళ్లాలి, కాగితాలు భద్రపరచాలి, వైద్యులు చెప్పింది రోగికి అర్థమైందో లేదో చూడాలి, తరువాతి తేదీని గుర్తుచేయాలి. ప్రయాణ ఖర్చులను కానుకల నుంచి భరించండి, ఆ రోజు ఇంటి పనికీ పిల్లలకూ సంఘంలో ఒకరు బాధ్యత తీసుకోండి. రొమ్ము క్యాన్సర్ విషయంలో, రోగి మొదట వైద్యులను కలిసిన 60 రోజుల్లోపు నిర్ధారణ పూర్తి కావాలనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. మీరు కూడా ఆ గడువునే మనసులో పెట్టుకుని పనిచేయండి. ఇంత చేసినా వద్దంటే, వారి నిర్ణయాన్ని గౌరవిస్తూనే పలకరింపు మానకండి, ఎందుకంటే కొందరు కొన్ని నెలల తరువాత మనసు మార్చుకుంటారు.

కీమోథెరపీ జరుగుతోంది. మతపరమైన ఉపవాసం ఉండవచ్చా?

మీకు చికిత్స చేస్తున్న వైద్యులను ముందుగా అడగండి. బరువు తగ్గిపోయినవారికి, నీరు తాగకపోతే మూత్రపిండాలు దెబ్బతినే మందులు వాడుతున్నవారికి ఉపవాసం ప్రమాదకరం కావచ్చు. రోగులకు మినహాయింపు చాలా సంప్రదాయాల్లో ఉంది. ఆ మినహాయింపును వాడుకోవడం విశ్వాసలోపం కాదని మతపెద్ద స్వయంగా ఇంటికి వెళ్లి చెబితే రోగి మనసు తేలికపడుతుంది.

## ఏటేటా కొనసాగించడం

క్యాన్సర్ నుంచి కోలుకున్న వారిని వేదిక మీద మాట్లాడించవచ్చా?

వారికి ఇష్టమైతే తప్పకుండా మాట్లాడించండి. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో వారే నిర్ణయించుకోవాలి, ఎప్పుడైనా విరమించుకునే స్వేచ్ఛ ఉండాలి. తమ విశ్వాసంతో పాటు తాము తీసుకున్న చికిత్సను కూడా వారు ప్రస్తావించేలా చూడండి. లేకపోతే వినేవారు అది ప్రార్థన ఒక్కదానితోనే నయమైందని అనుకునే ప్రమాదం ఉంది.

మా కార్యక్రమం నిజంగా పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

శిబిరానికి ఎంతమంది వచ్చారన్నది తక్కువ విషయం చెబుతుంది. వచ్చిన వారిలో జీవితంలో మొదటిసారి పరీక్ష చేయించుకున్నవారు ఎందరు, తేడా కనిపించిన వారిలో ఎందరు తదుపరి పరీక్ష పూర్తిచేశారు, వారికి ఎన్ని రోజులు పట్టింది, చికిత్స మొదలుపెట్టిన వారిలో ఎందరు ముగించారు అనేవి రాసిపెట్టుకోండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు 2030 నాటికి 15 ఏళ్లలోపు బాలికల్లో 90 శాతానికి టీకా, 35 ఏళ్లకూ మళ్లీ 45 ఏళ్లకూ 70 శాతం స్త్రీలకు పరీక్ష, వ్యాధి గుర్తించిన వారిలో 90 శాతానికి చికిత్స అనే లక్ష్యాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించింది. మీ సంఘంలోని బాలికలను, స్త్రీలను ఇదే లెక్కతో చూస్తే ఎక్కడ వెనుకబడ్డారో తెలుస్తుంది. మూడింటిలో చివరిది తక్కువగా ఉంటే, మరుసటి ఏడాది శిబిరం మీద పెట్టే డబ్బును, మనుషులను ముందుగా రోగులకు తోడు వెళ్లే పనికి మళ్లించండి.